ఒటీనో పక్కన ఉన్న మనిషి

నర్సీపట్నం,
16 ఆగస్టు 2025

తమ్ముడు గోవిందుకి,

ఉత్తరం చూసి కంగారుపడకు. ఇంట్లో అందరం బాగానే ఉన్నాం. మీ బావ ఆటో ఎప్పట్లాగే నాతవరం లైన్లో తిరుగుతోంది, నా విస్తళ్ల కొట్టు ఎప్పట్లాగే నడుస్తోంది. పెళ్లిళ్ల సీజను కాదు కాబట్టి నడుస్తోందంటే నడుస్తోంది, అంతే.

ఫోన్ చేస్తే నువ్వు ఎత్తడం లేదు. ఎత్తిన ఒక్కసారీ "బాగున్నానక్కా, ప్రాక్టీసుందక్కా" అని రెండు ముక్కలు చెప్పి పెట్టేశావు. నీ పక్కన మీ మేనేజరు గొంతు సవరించుకోవడం నాకు వినబడింది. లీగులో కబడ్డీ ఆడే మగాళ్ల ఫోన్లు లాక్కుని బీరువాలో పెట్టడమేమిటి, మీరేమైనా హాస్టలు పిల్లలా? అందుకే కాగితం తీశాను. పదో తరగతి పరీక్షల తర్వాత ఇంత పొడుగు రాయడం ఇదే.

సంగతేమిటో నీకు తెలుసు. మీ జట్టు ఒటీనో వీడియో ఇక్కడ అందరి ఫోన్లలోనూ ఉంది. పోలీసు స్టేషను మెట్లు దిగుతున్నాడు, ఎడం మోకాలు వంగడం లేదు, పెదవి చిట్లింది. కింద ఛానెలు వాళ్లు "మత్తు ముఠాలో విదేశీ ఆటగాడా?" అని రాశారు. చివర ప్రశ్న గుర్తు తగిలించేస్తే ఏం రాసినా చెల్లిపోతుందా? ఆ మొహం చూశాక నాకు ముద్ద దిగలేదు. కిందటేడు ఇక్కడ మ్యాచికి వచ్చినప్పుడు మనింట్లో చాప మీద కూర్చుని చేపల పులుసు నాలుగుసార్లు వేయించుకున్న పిల్లాడు. పొద్దున్నే రాగిపిండితో చోడంబలి కాచి ఇస్తే, వాళ్ల దేశంలో వాళ్లమ్మ కూడా ఇదే పిండితో ఇదే కాస్తుందని గ్లాసు పట్టుకుని ఎంతసేపు చెప్పాడు! నన్ను దుర్గక్కా అన్నాడు.

అబీద్ సెంటర్లో నీ ఫ్లెక్సీ ఇంకా ఉంది. దాని కింద టీ కొట్టాయన దేవుళ్లు నిన్న నన్ను ఆపి, "ఏటి దుర్గమ్మా, కూతకెల్తే ఊపిరి తియ్యకండా అరిసే మనిషి, ఇపుడు బెల్లంగొట్టిన రాయినాగ కూకున్నాడేటి? ఆ నల్లబ్బాయి మీ తమ్ముడి జట్టే గదా?" అన్నాడు. నాకు తల తీసేసినట్టయింది.

మీ టీము ఓనరు హీరోగారి సంగతి నేనడగను. సినిమాలో ఒక్క అన్యాయానికి పది జీపులు పేలుస్తాడు, ఇప్పుడు ఆయన పేజీలో సిమెంటు యాడు పెట్టుకున్నాడు. ఆయన వ్యాపారం ఆయనది. కానీ అయిదేళ్ల కిందట అమెరికాలో ఒక పోలీసు మోకాలి కింద ఒక నల్లాయన ప్రాణం పోయినప్పుడు నువ్వు ఫోన్లో నీ ఫొటో తీసేసి నల్ల చదరం పెట్టావు. నేను "కరెంటు పోయిందేమిట్రా" అంటే, "అన్యాయం ఎక్కడ జరిగినా మాట్లాడాలక్కా" అని నాకే క్లాసు పీకావు. ఆ నల్ల చదరం నాకు గుర్తుంది.

ఆ ఆదివారం, పదో తారీఖున, నువ్వెక్కడున్నావు? అది ఒక్కటి రాయి. మిగతావి తర్వాత మాట్లాడుకుందాం.

బేగి రాయి. లేకపోతే నేనే వచ్చేస్తాను.
నీ దుర్గక్క


ట్రైనింగ్ క్యాంపు,
21 ఆగస్టు 2025

అక్కా,

నీ ఉత్తరం విప్పకుండానే నా చేతికిచ్చారు. కాగితాల మీద ఇంకా వీళ్ల కన్ను పడలేదు. నీ చేతిరాత చూసి నవ్వొచ్చింది, గీత మీద ఒక్క అక్షరం నిలబడదు కదా! నవ్వి చాలా రోజులైంది, అందుకే చెబుతున్నాను.

ఒటీనో ఆస్పత్రిలో ఉన్నాడు. మోకాలి లిగమెంటు తెగింది. ఈ సీజను పోయినట్టే, ఆ తర్వాత ఏమిటో డాక్టర్లు చెప్పడం లేదు. డ్యూటీలో ఉన్న కానిస్టేబుల్‌ని కొట్టబోయాడని కేసు రాశారు, పాసుపోర్టు తీసుకున్నారు. మత్తుమందు ఏమీ దొరకలేదు. దొరకలేదన్న సంగతి మాత్రం ఏ ఛానెలూ చెప్పడం లేదు. మాకు ఆస్పత్రికి వెళ్లడానికి పర్మిషను లేదు.

ఆదివారం మాకు రెస్టు. మెస్సులో బిర్యానీ పెట్టారు. కడుపునిండా తిని రూముకెళ్లి పడుకున్నాను. సాయంత్రానికి క్యాంపంతా గోలగోలగా ఉంది. అంతే అక్కా. ఇంక ఆ సంగతి అడక్కు.

నువ్వు సంతోషించే మాట ఒకటుంది. స్పోర్ట్స్ కోటాలో నా ఎస్సై ఉద్యోగం ఫైలు కదిలింది. వెరిఫికేషను కూడా అయింది. అక్టోబర్లో ఆర్డరు వస్తుందంటున్నారు. ఇలాంటప్పుడు పోలీసుల మీద నేను నోరు పారేసుకుంటే ఏమవుతుందో నువ్వే ఆలోచించు. కబడ్డీ ఇంకో నాలుగేళ్లు, మోకాళ్లు బాగుంటే అయిదేళ్లు. తర్వాత నన్నెవడు పిలుస్తాడు?

నల్ల చదరం గురించి దెప్పావు. అప్పుడు నేను జూనియర్స్‌లో ఆడేవాణ్ని, నా మాట వినేవాళ్లు నూట పది మంది. ఇప్పుడు నాలుగు లక్షలు. ఎక్కువమంది వింటుంటే మాట్లాడ్డం తేలికవుతుందని నువ్వనుకుంటావు. కాదక్కా.

బావగారిని అడిగానని చెప్పు.
గోవింద్


నర్సీపట్నం,
28 ఆగస్టు 2025

నా బంగారు తండ్రికి,

నీ ఉత్తరం చదివాక గుండెల మీద కుంపటి దింపినట్టయింది. ఏదేదో ఊహించుకుని చచ్చానురా! రూములో పడుకుని ఉన్నావు, అంతే కదా. ఆ ముక్క ఫోన్లోనే చెబితే నాకు ఇన్ని రోజుల తిండి దండగయ్యేది కాదు.

నిన్న వినాయక చవితి. మా వీధి పందిట్లో పులిహోర పంచుతుంటే విలేకరి గణేశ్వరరావు వచ్చాడు. ముందు ప్రసాదం పెట్టించుకున్నాడు, తర్వాత కెమెరా తీశాడు. "దుర్గమ్మగారూ, పోలీసులు కొట్టినపుడు ఒటీనో పక్కన ఇంకో ఆటగాడు కూడా ఉన్నాడని అక్కడ దోసెల బండాయన సెప్తన్నాడంట. అది మీ తమ్ముడేనని కొందరంటన్నారు, నిజమేనేటండీ?" అన్నాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. అందరూ వింటుండగానే కడిగేశాను. "ఎవడండీ అన్నది? మా తమ్ముడా టయానికి బిర్యానీ తినేసి రూములో తొంగున్నాడు. సొంత అక్కని, నాకు తెల్దేటి? నా చేతికి ఉత్తరం రాసేడు. దోసెలేసుకునేవోడికి ఏటి తెల్సు?" అన్నాను. పందిట్లో వాళ్లు చప్పట్లు కొట్టారు. మీ బావ కూడా కొట్టారు, అది విశేషం.

ఈ రోజు జిల్లా పేపర్లో వచ్చేసింది. "ఆ సమయంలో గోవింద్ గదిలోనే ఉన్నాడు: సోదరి" అని పెద్దక్షరాలు. నా ఫొటో కూడా వేశారు, చేతిలో పులిహోర గరిట. మీ బావ ఆరు కాపీలు కొని ఆటో అద్దానికి ఒకటి అంటించారు. నీకు కటింగు పంపుతున్నాను. ఇంక ఎవడూ నిన్ను వేలెత్తి చూపించలేడు.

ఎస్సై ఉద్యోగం మాట విని ఏడ్చాను. అమ్మ ఉంటే ఊరంతా తిరిగి చెప్పేది. ఆవిడ వాటా కూడా నేనే తిరిగి చెబుతున్నాను.

ఒక్క మాట. నువ్వక్కడ లేవు కాబట్టి చూశానని చెప్పనక్కర్లేదు. కానీ మనిషి మంచివాడని చెప్పొచ్చు కదా? రెండేళ్లు ఒకే రూములో ఉన్నావు. "ఒటీనో అలాంటివాడు కాదు" అంటే ఉద్యోగం ఆపేస్తారా? ఆలోచించు.

సమయానికి తిను.
దుర్గక్క


ట్రైనింగ్ క్యాంపు,
3 సెప్టెంబరు 2025

అక్కా,

ఎంత పని చేశావు! నిన్ను పేపరు వాళ్లతో ఎవరు మాట్లాడమన్నారు? నేను నీకు రాసింది నీకు రాశాను, ఊరికి రాయలేదు.

ఆ కటింగు నువ్వు పంపకముందే ఇక్కడికి చేరింది. మేనేజరు నన్ను కౌగిలించుకుని "మీ సిస్టర్ మనల్ని కాపాడింది" అన్నాడు. ఒటీనో తరపున ఒక లాయరు మేడమ్ ఆ పోలీసుల మీద కోర్టులో కంప్లైంటు వేసింది. ఆవిడకి దొరికిన సాక్షి ఒక్క దోసెల బండాయనే. ఇద్దరు ఆటగాళ్లు ఉన్నారు, రెండో అతను అంతా చూశాడు అని ఆయన చెప్పాడు. పోలీసులు నీ కటింగు చూపించి, రెండో అతను లేనే లేడు, సొంత అక్కే చెబుతోంది, బండాయన అబద్ధాలకోరు అన్నారు. ఆయన బండి ఇప్పుడు అక్కడ లేదు. 26న సాక్షుల్ని తీసుకురమ్మని మేజిస్ట్రేటు ఆ లాయరు మేడమ్‌కి గడువిచ్చారు. తీసుకురావడానికి ఆవిడ దగ్గర ఎవరూ లేరు.

బండాయన అబద్ధాలకోరు కాదక్కా. రెండో అతను నేనే.

బిర్యానీ తిని పడుకున్నది నిజం. మూడున్నరకి ఒటీనో వచ్చి కాలు లాగి లేపాడు. ప్రతి ఆదివారం ఆ బండి దగ్గర దోసెలు తింటాం. నీకు అది రాయలేదు. రాయకపోతే నువ్వు ఏమనుకుంటావో తెలిసే రాయలేదు.

బల్ల మీద కూర్చుని ఉండగా జీపు ఆగింది. ఒక ఎస్సై, ఇద్దరు కానిస్టేబుళ్లు. రోడ్డు మీద ఇరవై మంది ఉన్నారు, వాళ్లు నేరుగా ఒటీనో దగ్గరకి వచ్చారు. సంచి విప్పమంటే విప్పాడు. మోకాలి పట్టీలు, నాలుగు అరటిపళ్లు, నొప్పికి కొట్టుకునే స్ప్రే. స్ప్రే వాసన చూశారు. తర్వాత ఒకడు వాడి జుట్టులో చెయ్యి పెట్టి లాగి వెతకడం మొదలెట్టాడు, లోపల పొట్లాలు దాస్తారట. ఒటీనో ఆ చెయ్యి తీసేశాడు. తీసేశాడు, అంతే. దాన్నే కొట్టబోయాడని రాశారు. లాఠీ మొదటి దెబ్బ మోకాలి మీదే పడింది. ఆటగాడికి ఎక్కడ కొట్టాలో వాళ్లకి ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. నేను మూడు గజాల దూరంలో దోసె ప్లేటు పట్టుకుని ఉన్నాను.

ఇప్పుడు నేను నోరు విప్పితే నువ్వు అబద్ధాలకోరువవుతావు. ఉద్యోగం పోతుంది, కాంట్రాక్టు పోతుంది. ఈ ఉత్తరం చదివి పొయ్యిలో పెట్టెయ్యి. ఇంకెవరితోనూ మాట్లాడకు. దండం పెడతాను.

గోవింద్


నర్సీపట్నం,
8 సెప్టెంబరు 2025

గోవిందూ,

నీ ఉత్తరం పొయ్యిలో పెట్టలేదు. బియ్యం డబ్బాలో పెట్టాను. మూడుసార్లు తీసి చదివాను.

నాకు కోపం ఎవరి మీదో ముందు తేల్చుకోలేకపోయాను. నీ మీద ఉంది, నా మీద ఇంకా ఉంది. గరిట పట్టుకుని పందిట్లో గొంతు చించుకున్నాను. దోసెలేసుకునేవాడికి ఏం తెలుసన్నాను. నేను విస్తళ్లు కుట్టుకునేదాన్ని, నాకేం తెలుసు? మీ బావ ఆటో అద్దం మీది పేపరు నేనే గీకేశాను. సగం ఊడి సగం మిగిలింది, నా మొహం మాత్రం అక్కడే ఉంది.

ఇంకో సంగతి కూడా చెప్పెయ్యాలి. కిందటేడు ఒటీనో వచ్చినప్పుడు నీ చెవిలో "ఇంత నలుపేట్రా బాబూ, చీకట్లో చూస్తే జడుసుకుంటాం" అన్నాను, ఇద్దరం నవ్వుకున్నాం. వాడెళ్లాక వాడు తాగిన గ్లాసు విడిగా పెట్టాను. ఎందుకు పెట్టానో నాకే తెలియదు. తర్వాత సిగ్గేసి మళ్లీ గూట్లో కలిపేశాను. పోలీసుల్ని ఒక్కళ్లనే తిట్టుకుని కూర్చోవడానికి నాకు మొహం లేదు.

మొన్న కొండ మీంచి సోమలమ్మ నా విస్తళ్లకి అడ్డాకులు, చింతపండు పట్టుకుని వచ్చింది. ఆటోస్టాండు దగ్గర మామూలే, కొండవాళ్ల మూటలన్నీ విప్పిస్తున్నారు. గంజాయి కోసం. పక్కనే నా సంచి ఉంటుంది, దాన్ని ఎవరూ ముట్టుకోరు. నేను ఎప్పట్లాగే వెళ్లి "మా మనిషే బాబూ, వదిలెయ్యండి" అన్నాను. వదిలేశారు. ఇరవై ఏళ్లుగా అంటున్నాను. ఈ ఊళ్లో కొట్టున్న వాళ్లందరూ ఎవరో ఒకరి కోసం అంటూనే ఉంటారు. దానికి ధైర్యం కూడా అక్కర్లేదు. సోమలమ్మ మూట కట్టుకుంటూ "నివ్వు సెప్పేవు గాబట్టి ఒగ్గేసారమ్మా. నివ్వు నేని రోజు నా గతేటి?" అంది. అంతకుముందు ఎప్పుడూ అనలేదో, నేనే వినలేదో.

అందుకే అడుగుతున్నాను. నీ ఉత్తరంలో అన్నీ ఉన్నాయి. జీపు ఉంది, స్ప్రే ఉంది, అరటిపళ్లు ఎన్నో కూడా ఉంది. నువ్వు ఏమన్నావో లేదు. మూడు గజాల దూరంలో నోరు తెరవకుండా ఉండిపోయావా? వాళ్లు నిన్ను ఏమీ అడగలేదా?

మీ బావకి చెప్పాను. "అయిందేదో అయిపోనాది. ఆ కుర్రోడు వాళ్ల దేశం ఎల్లిపోతాడు, మనోడి ఉద్యోగం పోతే మళ్లీ వస్తాదేటి?" అన్నారు. ఆయన చెడ్డవారు కాదు, నీకు తెలుసు. ఆయన అన్నదాంట్లో తప్పు వెతుక్కోవడానికి నాకే సాయంత్రం దాకా పట్టింది.

జవాబు రాయి.
అక్క


ట్రైనింగ్ క్యాంపు,
14 సెప్టెంబరు 2025

అక్కా,

అడుగుతావని తెలుసు. నాలుగు కాగితాలు చింపేశాక ఇది రాస్తున్నాను.

లాఠీ ఎత్తకముందే ఎస్సై నావైపు తిరిగాడు. ఆధారు తియ్యమన్నాడు. అడ్రసు చదివి గట్టిగా నవ్వాడు. "నర్సీపట్నమా! అయితే సరుకు నీదీ, అమ్మకం వీడిదీనా?" అన్నాడు. నీకు తెలియదక్కా, బయట మన ఊరి పేరు చెబితే హోటల్లో రూమిచ్చేవాడు కూడా గంజాయి ఉందేమోనని నా సంచివైపు చూస్తాడు. టీములో నన్ను సరదాకి పిలిచే పేరేమిటో నీకెప్పుడూ చెప్పలేదు. నవ్వి ఊరుకుంటాను.

"వీడు నీకు తెలుసా?" అని అడిగాడు.

తెలీదన్నాను. దోసె తినడానికి వచ్చాను, ఇతనెవరో తెలీదు అన్నాను.

ఒటీనోకి తెలుగు కొంచెం వచ్చు. అన్నం, నీళ్లు, బేగి రా, తెలీదు. ఇలాంటివన్నీ నేను నేర్పినవే. నావైపు ఒక్కసారి చూశాడు. తర్వాత కొడుతున్నంతసేపూ చూడలేదు. నా జేబులో ప్లేయరు కార్డు చూశాక వాళ్ల మాట మారిపోయింది, సార్ అన్నారు, మీరెళ్లిపోండి అన్నారు. వెళ్లిపోయాను.

భయమేసిందక్కా. వాడంటే చులకనై కాదు, వాడి దగ్గర ఏదో ఉంటుందని అనుమానమై కాదు. ఒట్టి భయం. ఇంట్లో దొంగ పడితే దుప్పటి ముసుగేసుకున్నవాడి భయం. బరిలో ఏడుగురి మధ్యకి ఒక్కణ్నీ వెళ్తాను, అప్పుడు ఎప్పుడూ వెయ్యలేదు.

ఇంకోటి విను. ఒటీనో లాయరుకి ఇచ్చిన స్టేట్‌మెంటులో తను ఒక్కడే ఉన్నానని చెప్పాడట. నా ఉద్యోగం సంగతి వాడికి తెలుసు. వాడే నా పేరు చెప్పనప్పుడు మధ్యలో నేనెందుకు చెప్పాలి? వాడు వద్దనుకున్నాడు కదా? రోజూ ఇలా అనుకునే బరిలోకి దిగుతున్నాను. వరసగా మూడు మ్యాచుల్లో అవుటయ్యాను, టీవీలో చూసే ఉంటావు.

నీకు చెప్పాను కదా, ఇక్కడితో వదిలెయ్యి.
గోవిందు


నర్సీపట్నం,
19 సెప్టెంబరు 2025

తమ్ముడూ,

వదలడం నా వల్ల కావడం లేదు.

ముందు గణేశ్వరరావు దగ్గరకి వెళ్లాను. నేను చెప్పింది తప్పు, తెలియక వాగాను, అదే సైజులో వెయ్యండి అన్నాను. "తప్పయిపోనాదని ఏ పేపరోడు ఏస్తాడమ్మా? మీ తమ్ముడితోనే సెప్పించండి, మొదటి పేజీలో ఏయిస్తాను" అన్నాడు. అందుకని నోటరీ దగ్గర స్టాంపు కాగితం మీద రాయించాను. పేపర్లో నేను అన్నది నా కళ్లతో చూసింది కాదు, మా తమ్ముడు గదిలో ఉన్నట్టు నాకేమీ తెలియదు అని. సంతకం పెట్టి లాయరు మేడమ్‌కి పంపేశాను. గుమస్తా మణి, "ఏటమ్మా, సొంత తమ్ముడి మీదేనా?" అని అడిగింది. మా తమ్ముడి మీద కాదు, నా మీదే అన్నాను.

నీ ఉద్యోగం నాకు అక్కర్లేదనుకోకు. ఎస్సైగారి అక్క అని అనిపించుకోవాలని నాకెంత ఆశో చెబితే నువ్వు నవ్వుతావు. కొట్టు ముందు బోర్డు మీద ఏం రాయించాలో కూడా అనుకున్నాను. అదంతా పోతుందని తెలిసే రాస్తున్నాను, ఏడుస్తూనే రాస్తున్నాను.

ఒటీనో నీ పేరు చెప్పకపోవడం వాడి మంచితనం. దాన్ని నువ్వు దుప్పటి చేసుకుని కప్పుకోకు.

26న కోర్టుకి వెళ్లు. నేనూ వస్తాను. నువ్వు వస్తే నీ నోటితో నువ్వే చెబుతావు. రాకపోతే నీ రెండు ఉత్తరాలూ మేడమ్ చేతిలో పెడతాను. నీ వెనకాల చెయ్యకూడదని ముందే చెబుతున్నాను. నన్ను తిట్టుకో. కానీ రా.

దుర్గక్క


ట్రైనింగ్ క్యాంపు,
29 సెప్టెంబరు 2025

శ్రీమతి వెంకటదుర్గ గారికి,

26న మీరు చేసిన పని నాకు తెలిసింది. ఆ ఉత్తరాలు నేను మా అక్కకి రాసుకున్నవి. ఆవిడ తప్ప ఇంకెవరూ చదవరనుకున్నాను.

నా ఫైలు ఆపేశారని నిన్న చెప్పారు. మీకు తృప్తిగా ఉంటుందని తెలియజేస్తున్నాను.

ఇకపై మీరు నాకు రాయనవసరం లేదు.

ఇట్లు,
గోవింద్


నర్సీపట్నం,
7 అక్టోబరు 2025

గోవిందూ,

రాయొద్దన్నావు. రాస్తున్నాను. చించేసినా సరే, కింద సగం చదివి చించు.

"మీరు" అన్నావు చూడు, అక్కడ చదవడం ఆగిపోయింది. దసరా రోజు మీ బావ పప్పన్నం కలిపి నోటి దగ్గర పెట్టినా మింగలేకపోయాను. నీ చిన్నప్పుడు నీ లాగులు కుట్టిన చేతులకి గారు తగిలించావు. సరే, నాకు రావలసిందే. ఉత్తరాలిచ్చినందుకు నేను పశ్చాత్తాపపడటం లేదు. ఉద్యోగం పోయినందుకు గుండె పగిలిపోతోంది. రెండూ నిజమే, రెండూ ఒక్క కడుపులోనే పెట్టుకుని తిరుగుతున్నాను.

ఆ రోజు సాయంత్రం నాలుగింటి దాకా కోర్టు వరండాలో నిలబడ్డాను. గేటు దగ్గర పొడుగ్గా ఎవరు కనిపించినా నువ్వేననుకున్నాను. నాలుగయ్యాక ఇచ్చేశాను. మేజిస్ట్రేటు ఒక్క మాటే అన్నారట. ఉత్తరం ఉత్తరమే, రాసిన మనిషి వచ్చి చెప్పాలి. మళ్లీ 24న వాయిదా. రాకపోతే కంప్లైంటు కొట్టేస్తారు.

మర్నాడు మేడమ్ నన్ను ఆస్పత్రికి తీసుకెళ్లింది. ఒటీనో సగమయ్యాడు. కాలికి ఇనప చట్రం. నన్ను చూసి "దుర్గక్కా" అన్నాడు, నేను గుమ్మం దగ్గరే ఏడ్చేశాను. మేడమ్ నీ ఉత్తరాలు ఇంగ్లీషులోకి మార్చి వాడికి చదివి వినిపించింది. నేను నేలవైపు చూస్తూ కూర్చున్నాను. నువ్వు తెలీదన్న చోట వాడు కదల్లేదు. భయమేసిందని నువ్వు రాసిన చోట ఆపమన్నాడు. మళ్లీ చదవమన్నాడు.

తర్వాత వాడు చెప్పింది మేడమ్ నాకు తెలుగులో చెప్పింది. ఏడు వారాలుగా వాణ్ని మోకాలి నొప్పి కంటే ఒక్క మాటే ఎక్కువ బాధపెడుతోందట. రెండేళ్లు పక్క మంచం మీద పడుకున్నవాడు, నా సబ్బు వాడినవాడు, వాడు కూడా నన్ను మత్తు అమ్మేవాడనే అనుకున్నాడు, లోపల మొదటినుంచీ అలాగే అనుకుంటున్నాడు అని. నీ పేరు లాయరుకి చెప్పనిది నీ ఉద్యోగం కోసం కాదు గోవిందూ. నిన్ను పిలిస్తే నువ్వు వచ్చి అందరి ముందూ మళ్లీ ఆ మాటే అంటావేమోనని. రెండోసారి వినలేక.

"భయమా? భయం అయితే నాకు తెలుసు" అన్నాడు. "గోవింద్ అన్నం తింటున్నాడా?" అని తెలుగులోనే అడిగాడు.

నీకు రాయమని వాడు చెప్పలేదు. నేనే రాస్తున్నాను.

నువ్వు ఎలా పిలిచినా సరే,
దుర్గక్క


ట్రైనింగ్ క్యాంపు,
13 అక్టోబరు 2025

అక్కా,

నిన్న ఫోన్లు తిరిగి ఇచ్చారు. ఫోన్ చెయ్యొచ్చు, కానీ ఇది మాట్లాడితే మధ్యలో ఆగిపోతాను. అందుకని రాస్తున్నాను.

నీకు చెప్పనిది ఇంకొకటి ఉంది. నన్ను వెళ్లిపొమ్మనే ముందు ఒక కానిస్టేబుల్ "సార్, మా అబ్బాయి మీ ఫ్యాను, ఒక్క సెల్ఫీ" అన్నాడు. నిలబడ్డాను. నా నంబరు అడిగి తీసుకుని ఫొటో పంపాడు, కింద "థాంక్యూ అన్నా" అని రాశాడు. దాన్ని నిన్నటిదాకా తెరవలేదు. నీ ఉత్తరం వచ్చాక, ఫోను చేతికి రాగానే తెరిచాను.

టైము కూడా ఉంది, నాలుగూ పదిహేడు. నా భుజం వెనకాల ఒటీనో నేల మీద పడి ఉన్నాడు, రెండు చేతులతో మోకాలు పట్టుకుని. వాడి మీద ఎత్తిన లాఠీ కూడా పడింది. ఇది మేడమ్‌కి పంపేస్తే సరిపోతుంది, నేను వెళ్లనక్కర్లేదు అని ముందు అదే అనుకున్నాను. అబద్ధమెందుకు, చాలాసేపు అనుకున్నాను.

కానీ అందులో నేను నవ్వుతున్నానక్కా. బలవంతపు నవ్వు కాదు, యాడ్లలో నవ్వినట్టు పళ్లన్నీ కనబడేలా. రేపు ఒటీనో అది చూస్తాడు. ఆ నవ్వు కూడా భయమేనని వాడికి ఫొటో చెప్పదు, నేనే చెప్పాలి.

24న వెళ్తున్నాను. మేనేజరుకి చెప్పేశాను, కాంట్రాక్టు రద్దు చెయ్యడానికి కాగితాలు తియ్యమన్నాడు. నువ్వు ఒక రోజు ముందే వచ్చెయ్యి. వాడి ఎదురుగా నిలబడాలంటే నాకు ఇంకా భయంగానే ఉంది.

నీ తమ్ముడు,
గోవిందు